సుధయు సౌధమును – చెన్నపురి శిల్పి చిషోమ్ దొర

గత సంచికలో ముగ్గుపిండినిగూర్చి మేము వ్రాసిన నాలుగు మాటలు చదివి, ఒక సోదరి మాకు జాబు వ్రాసినారు. “ముగ్గు సరే. ఆ గుల్లసున్నముతోనే చెన్నపట్టణమున పాలరాతివలె మెఱయు గోడలు కట్టిరని మా మామ్మ చెప్పెడిది. అది నిజమా? ఆ మేడలు కట్టినవారెవరు?” అని వారి ప్రశ్న. ఆ జాబు అందునప్పటికి మా యింటను ఒక గోడనుగూర్చియే తగవు నడుచుచుండెను. కావున మా తగవును, వారి ప్రశ్నను ఒకచోటనే చెప్పుకొందుము.

మాది మా మామగారి తండ్రిగారు కట్టించిన మిద్దెయిల్లు. ఇటుక, గుల్లసున్నము తప్ప సిమెంటు నెఱుగని గోడలు. నాలుగేండ్ల క్రిందట పడమటిగోడ అడుగున చెమ్మ కనబడగా, పనియందు పేరున్నవాడని ఒకనిని పిలిచి సిమెంటు పూయించితిమి. రెండు వానకాలములు గడచునప్పటికి ఆ పూత పొంగి పెచ్చులూడెను. లోపలి యిటుకలు ఉప్పుపట్టి పొడియై రాలజొచ్చెను. “ఇల్లు ముసలిదైనది, పడగొట్టి క్రొత్తది కట్టుదము” అని మా మఱదిగారు. “నేను కన్ను మూసినదాక ఈ గోడ ముట్టరాదు” అని మా అత్తగారు. మావారు బడిలో నలువదిమంది పిల్లలను మందలింపగలరు గాని, ఈ యిద్దరి నడుమ నోరు మెదపలేకపోయిరి.

ఇట్లుండగా మా ఆడపడుచుగారి కుమార్తె వివాహమునకు చెన్నపట్టణము పోవలసివచ్చెను. పెండ్లి ముగిసినపిమ్మట రెండు దినములు నిలిచి, ఆ సోదరి యడిగిన మేడలను కన్నులార చూచివచ్చితిమి.

తెలుగునాటినుండి రైలులో పోవువారు సెంట్రలు స్టేషను వెలుపలికి రాగానే తెల్లని రిప్పన్ భవనము కనబడును. అది 1913లో పూర్తియైన నగరపాలక మందిరము. దానిని అందఱు నెఱుగుదురు. దాని ప్రక్కనే ఎఱ్ఱని యిటుకలతో కట్టిన వేఱొక మందిరము కలదు. దానిని అడుగువారు తక్కువ. అది విక్టోరియా పబ్లిక్ హాలు. పట్టణ ప్రజలు సభలు చేసికొనుటకు, నాటకములు చూచుటకు కట్టుకొన్న పురమందిరము. దానికి 1883లో పునాదిరాయి వేసినవారు విజయనగర ప్రభువులు ఆనందగజపతి రాజుగారు. 1887లో విక్టోరియా రాణి యేలుబడికి స్వర్ణోత్సవము వచ్చుటచే దానికామె పేరు పెట్టిరి. దాని కట్టడపు పనిని నిర్వహించినవారు తాటికొండ నంబెరుమాళ్ల శెట్టిగారు, తెలుగు వైశ్యులు. ఆ కాలమున చెన్నపట్టణపు గొప్ప కట్టడములలో పెక్కింటికి వారే గుత్తదారులు. 1891లో బళ్లారి సరసవినోదినీ సభవారు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారితో వచ్చి ఈ మందిరముననే తెలుగు నాటకము లాడిరి. వానిని చూచి ఉప్పొంగిన పమ్మల్ సంబంధ మొదలియారను పదునెనిమిదేండ్ల యువకుడు ఆ సంవత్సరమే సుగుణవిలాస సభను స్థాపించెను. తమిళ నాటకమునకు క్రొత్త ప్రాణము పోసినవారిలో ఆయన ముఖ్యుడు. రాయి వేసినవారు తెలుగువారు, కట్టించినవారు తెలుగువారు, తొలినాళ్లలో ఆడినవారు తెలుగువారు. మఱి ఆ మందిరమునకు రూపు గీసినవాడెవరనగా, రాబర్టు ఫెలోస్ చిషోమ్ అను ఆంగ్లేయుడు.

చిషోమ్ 1840లో లండనులో జనించెను. యౌవనముననే ఈ దేశమునకు వచ్చెను. 1864లో మద్రాసు ప్రభుత్వమువారు సముద్రతీరమున ప్రెసిడెన్సీ కళాశాలకు, విశ్వవిద్యాలయపు సెనేటు మందిరమునకు ఉత్తమమగు నమూనాలు కావలెనని పోటీ పెట్టిరి. ఆ పోటీలో ఇతడు గెలిచెను. అప్పటికి వయస్సు ఇరువదినాలుగేండ్లు. ఆ వయస్సున అంత గెలుపు వచ్చినవానికి, “నాకు తెలియనిదేమున్నది?” అను గర్వము రాకుండునా? అతడు తొలుత కట్టిన ప్రెసిడెన్సీ కళాశాల చాలవఱకు ఇటలీదేశపు పోకడలో నున్నది. 1870లో విక్టోరియా రాణి కుమారుడు ఎడింబరో ప్రభువు దానిని తెఱచెను. ఆ కట్టడము చక్కనిదే. కాని దానిని చూచినవారికి ఇది ఈ దేశమున పుట్టినదని తోచదు.

సోదరీమణులారా! ఈ చిషోమునుగూర్చి వ్రాయవలెనని మాకు తోచుటకు కారణము ఈ తరువాతి కథ. నేర్చినవాడు తన నేర్పును ప్రక్కకుపెట్టి మరల శిష్యుడగుట లోకమున అరుదు. అతడట్లయ్యెను.

అప్పటి గవర్నరు నేపియర్ ప్రభువు 1866 మొదలు 1872 వఱకు మద్రాసు నేలెను. ఈ దేశమున కట్టు కట్టడములు ఈ దేశపు తీరుననే యుండవలెనని ఆయన 1870లో ఉపన్యసించెను. మధురను పాలించిన తెలుగు నాయకరాజులలో ప్రసిద్ధుడగు తిరుమల నాయకుడు 1636 ప్రాంతమున కట్టించిన మహలు అప్పటికి పాడుపడి కూలుచుండగా, దానిని నిలుపుడని ఆయన ఉత్తరు వొసగెను. ఆ జీర్ణోద్ధరణపు పనిలో చిషోమునకు పాలు దొరకెను. ఆ మహలు స్తంభములను చూచినవారికి తెలియును. ఇద్దఱు మనుష్యులు చేతులు చాచి పట్టుకొన్నను కౌగిట ఇమడని లావు, మెడ వెనుకకు వంచినగాని కనరాని యెత్తు. అంతయు ఇటుక, పైన సున్నపు పూత. ఆ పూత నిగ్గు చూచి రాయి యని భ్రమపడువారు నేటికిని కలరు. విదేశపు పుస్తకములు చదివివచ్చినవాడు ఈ గచ్చు ముందు నిలిచి, ఇది యెట్లు చేసిరని అచ్చటి పనివారిని అడుగవలసినవాడే కదా.

ఇక మన సోదరి ప్రశ్నకు వత్తము. సముద్రపు గవ్వలను, గుల్లలను ఏరి బట్టీలో కాల్చి, నీరు చల్లి విఱుగజేసి, జల్లెడపట్టి, ఇసుక చేర్చి గానుగలో నూఱుదురు. బెల్లపునీరు, కరక్కాయ నానిన నీరు కలుపుదురు. పూతమీద పూత పెట్టి, కడపటి పూతకు మిక్కిలి మెత్తని సున్నమున కోడిగ్రుడ్డు తెల్లసొన, పెరుగు, నెయ్యి చేర్చి, నున్నని గులకఱాతితో గంటలతరబడి రుద్దుదురు. మద్రాసు సున్నము అని ఖండాంతరములలో పేరుపొందినది ఇదియే. చదువరులకు నవ్వు వచ్చునేమో! బెల్లము, పెరుగు, నెయ్యి, కరక్కాయ: ఈ సామగ్రి అంతయు మన వంటయింటి అలమరలోనిదే.

మా తండ్రిగారు మాకు ఇంటనే అమరము చెప్పిరి. సుధ యనగా అమృతమనియు, సున్నమనియు రెండర్థములున్నవని ఆయన చెప్పినపుడు మేము చిన్నపిల్లలము, నవ్వితిమి. సుధతో పూయబడినది గనుక సౌధమైనదని ఆయన వివరించిరి. ఆ మాట మధుర స్తంభములయొద్ద గాని నిజముగా బోధపడలేదు.

చెన్నపట్టణమున చేపాకు మహలు కలదు. ఆర్కాటు నవాబు వాలాజా మహమ్మదాలీ 1768లో కట్టించుకొన్నది. కడపటి నవాబు 1855లో మరణింపగా అది దొరతనమువారి చేతికి వచ్చెను. ఖలాస మహలు, హుమాయూను మహలు అని విడివిడిగా నున్న ఆ రెండు భాగముల నడుమ చిషోమ్ ఒక బురుజు లేపి రెంటిని కలిపెను. క్రొత్త బురుజు పాతవానిని చిన్నబుచ్చక, ఆ యింటి తోబుట్టువువలె నిలిచినది. ఇంటికి వచ్చిన క్రొత్తకోడలికి ఉండవలసిన గుణ మిదియే యని మా అత్తగారితో ననగా ఆమె మురిసిరి.

ఆ మహలునకు సమీపముననే సెనేటు మందిరము. పోటీ ముగిసి పదియేండ్లయిన తరువాత, 1874లో మొదలై 1879లో పూర్తియయ్యెను. ఈ నడుమ చిషోమ్ మాఱినాడు. నాలుగు మూలల గుమ్మటములు దాల్చిన నాలుగు బురుజులు, చెక్కుడుపనిగల రాతి స్తంభములు, రంగుటద్దముల కిటికీలు, లోపల ఒక మహాశాల. మహమ్మదీయ శిల్పమును, హిందూ శిల్పమును, తూర్పు ఐరోపాలోని బైజాంటిను శిల్పమును ఒక పొత్తున కలిపినట్లుండును. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము వెలయువఱకు, సర్కారు జిల్లాల విద్యార్థులు కూడ పట్టములు పొందినది ఈ మద్రాసు విశ్వవిద్యాలయమునందే. ఏ కళాశాల గడపయు త్రొక్కని మేము ఆ మందిరము మెట్లయొద్ద కొంతసేపు నిలిచితిమి. “లోపలికి పోయి చూతము రండి” అని మావారు పిలిచిరి. పోటీలో గెలిచినవాడే పదియేండ్లు మరల నేర్చిన తరువాత గాని ఈ కట్టడమును కట్టలేదుగదా యని తలచుకొనగా, చదువునకు వయస్సు మీఱినదను మా వెఱపు కొంత తగ్గెను.

పనివారియెడ అతనికి గల గౌరవము మాటలతో పోలేదు. హంటరను వైద్యుడు 1850లో చెన్నపట్టణమున స్థాపించిన చేతిపనుల పాఠశాలకు 1877లో చిషోమ్ అధ్యక్షుడై, వడ్రంగము, లోహపుపని, నగిషీ మొదలగు దేశీయవిద్యలకు తావిచ్చెను. నేడది ప్రభుత్వ లలితకళాశాలగా నున్నది. తిరువనంతపురమున 1880లో ముగిసిన నేపియర్ ప్రదర్శనశాల కొఱకు, కేరళదేశపు కొయ్యమేడల వాలుకప్పులను, గాలి ఆడు తీరును పరిశీలించి, ఆ పద్ధతినే పెద్దదిగా చేసెను. మౌంటురోడ్డుమీద పి. ఆర్ కంపెనీవారి గడియారముల అంగడి 1879లో, సముద్రతీరమున పెద్ద తపాలాకార్యాలయము 1884లో ఇతని చేతిమీదుగానే వెలసినవి.

బరోడాలో గాయకవాడు మహారాజునకు లక్ష్మీవిలాస మహలును మాంట్ అను శిల్పి 1878లో మొదలుపెట్టి, 1881లో మరణించెను. సగములో నిలిచిన ఆ పనిని చిషోమ్ చేకొని 1890లో ముగించెను. బరోడా కళాశాలకు విజాపురపు గోల్‌గుంబజును తలపించు గుమ్మటము కట్టెను. ఈ దేశపు గుమ్మటముల నిర్మాణమునుగూర్చి లండను శిల్పుల సభకు వ్యాసము వ్రాసి పంపెను. ముదిమిని లండను చేరినపిమ్మట కూడ, 1907లో స్లోన్ టెరేసున అతడు కట్టిన క్రైస్తవ మందిరము తూర్పుపోకడలనే చూపుచున్నది. 2004 మొదలుకొని అది సంగీతశాలగా నున్నది. 1915లో అతడు లోకము విడిచెను.

ఇంతవఱకు పొగడితిమి. ఒక కొఱత కూడ చెప్పవలెను. చిషోమ్ పేరు గ్రంథములలో నున్నది. రాజుగారి పేరు, గుత్తదారుని పేరు కూడ నిలిచినవి. గవ్వలు ఏరినవారెవరు? గానుగ త్రిప్పినవారెవరు? స్తంభములు చెక్కినవారెవరు? మద్రాసు మిద్దె యని పేరుపొందిన కప్పు నెఱిగినవారికి తెలియును: టేకు దూలములమీద సన్నని యిటుకలను ఏటవాలుగా నిలువబేర్చి, పైన ఇటుకముక్కల సున్నము పోసి, అది గట్టిపడువఱకు కఱ్ఱ దిమ్మిసలతో దినములతరబడి కొట్టవలెను. ఆ కొట్టువారు చాలవఱకు ఆడువారు. వరుసగా కూర్చుండి, అలుపు తెలియకుండ పాడుచు కొట్టుదురు. ఆ మిద్దెలక్రింద పండితులు పట్టములు పొందిరి, న్యాయాధిపతులు తీర్పులు చెప్పిరి. కొట్టినవారి పేరు ఒక్కటియు ఏ శిలాఫలకముమీదను మాకు కానరాలేదు. వారి చేతివిద్యను గౌరవించిన చిషోమ్ సైతము వారి పేర్లను గోడకెక్కింపలేదు. అది అతని యొక్కని తప్పు కాదు, లోకపు తప్పు. మన యిండ్లలోను అంతియే కదా. విందు జరిగినపుడు పిలిచినవారి పేరు చెప్పుకొందురు గాని, పొయ్యియొద్ద నిలిచినవారి పేరు చెప్పుకొనరు.

చేపాకున మఱియొక సంగతి తెలిసికొంటిమి. 2012 జనవరిలో ఖలాస మహలు అగ్నిప్రమాదమున కాలిపోయెను. మంటలార్పవచ్చిన అగ్నిమాపక ఉద్యోగి ఒకరు ప్రాణములర్పించిరి. మొండిగోడలు మిగిలిన ఆ మహలును పడగొట్టక, మరల సున్నముతోనే సరిజేసి 2017లో నిలిపిరి. సున్నముతోనే యెందుకని మావారు విచారింపగా తెలిసినది: కాల్చినపుడు గవ్వనుండి పోయిన బొగ్గుపులుసు గాలిని సున్నము మెల్లమెల్లగా గాలినుండి మరల తీసికొని రాయి యగును. అయినను దానికి సన్నని రంధ్రములుండును. గోడలోని చెమ్మ వానిగుండ వెలుపలికి పోవును. పైన సిమెంటు పూసినచో ఆ దారి మూతపడి, చెమ్మ లోననే నిలిచి, ఉప్పు పొంగి, ఇటుక నశించును.

అప్పుడు మాకు మా పడమటిగోడ జ్ఞప్తికి వచ్చెను. ఆ గోడ ముసలిదై చెడలేదు. మేము పూయించిన పూతవలన చెడినది!

ఇంటికి వచ్చి మా మఱదిగారికి ఈ సంగతి చెప్పితిమి. ఆయన వెంటనే నమ్మలేదు. “ఒక్క గోడ చూతము. నిలువకున్న నీ మాటయే మా మాట” అని మావారు తొలిసారిగా నోరు విప్పిరి. ప్రక్కయూర గానుగసున్నపు పని తెలిసిన ముసలి మేస్త్రి యొకడు కలడని తెలిసి పిలిపించితిమి. అతడును, అతని భార్యయు వచ్చిరి. సిమెంటు పూత రాల్చి, గోడను నెలదినములు ఆరనిచ్చిరి. సున్నము కలుపుచుండగా మేస్త్రి “కరక్కాయలు ఎన్ని నానవేయుదమమ్మా?” యని అడిగినపుడు మేము తెల్లబోతిమి. అరుగుమీద కూర్చున్న మా అత్తగారు, “అమ్మాయీ, మా పుట్టింట మిద్దె వేసినపుడు ఆ నీళ్లు నేనే కాచితిని. పగులగొట్టి నానవేయుము, రెండు దినములకు నీరు టీ డికాక్షను రంగు రావలెను” అనిరి. మేస్త్రి భార్య “అదే లెక్క పెద్దమ్మగారూ” అని నవ్వెను. డెబ్బదియేండ్లు దాటిన మా అత్తగారి ముఖమున అంతటి వెలుగు మేము కాపురమునకు వచ్చినపిమ్మట చూడలేదు.

పూత ముగిసి ఒక వానకాలము గడచినది. గోడ పొడిగా నున్నది. మా మఱదిగారు ఇల్లు పడగొట్టు మాట ఈ సంవత్సరమునకు ఎత్తలేదు. వచ్చు సంవత్సరము ఎత్తుదురేమో చెప్పలేము. ఇల్లు పాతదైనపుడు ఖర్చు తప్పదు. వారి వాదమున న్యాయము లేకపోలేదు. కాని తెలియక పడగొట్టుట వేఱు, తెలిసి నిర్ణయించుట వేఱు.

సోదరీమణులారా! మీ యింటను సున్నపుగోడ యున్నచో, దానిమీద సిమెంటు పూయించుటకు ముందు పని తెలిసిన ముసలివారి నొక్కసారి అడుగుడు. మీ యింటి పెద్దమ్మలను అంతకుముందే అడుగుడు. పరదేశమునుండి వచ్చిన శిల్పి మన పనివారియొద్ద నేర్చుకొనుటకు సిగ్గుపడలేదు. మన యింటివారియొద్ద నేర్చుకొనుటకు మనమేల సిగ్గుపడవలెను?

కూలి యిచ్చిననాడు మేమొక చిన్నపని చేసితిమి. మా మామగారి కాలమునుండి వచ్చుచున్న లెక్కపుస్తకమున ఖర్చు వ్రాయుచోట, “పడమటిగోడ పూత” అని వ్రాసి, మేస్త్రి పేరు, అతని భార్య పేరు, కరక్కాయనీరు కాచిన మా అత్తగారి పేరు వరుసగా వ్రాసితిమి. మా పిల్లలు పెద్దవారై ఆ గోడ ఎవరు కట్టిరని యడిగిననాడు, వారికి చెప్పుటకు పేర్లుండును.